రా అనలేని దయ్యం

మా తమ్ముడి భార్యకి ఇంట్లో మేం పెట్టుకున్న పేరు 'అండీ'. పెట్టింది మా తమ్ముడే. పెళ్ళైన కొత్తలో గుమ్మానికి అడ్డంగా పడుకున్న పిల్లిని ఆవిడ "కాస్త జరుగుతారా?" అని అడగడం విన్నాడు. ఆ పూటే పెట్టేశాడు. అప్పట్లో అందులో ముద్దు ఉండేది. తర్వాత వెక్కిరింత అయింది. ఆ తర్వాత రెండూ పోయి ఉత్త పిలుపు మిగిలింది. పేపరు వేసేవాడు, చెత్త తీసుకెళ్ళేవాడు, మేడమీద కొత్తగా దిగిన పిల్లలు, అందరూ ఆవిడకి మీరే. వాళ్ళకి పిల్లలు లేరు. ఉంటే నువ్వు అనే మాట ఆ నోటికి అలవాటయ్యేదేమో.

ఆవిడ ఉద్యోగం పళ్ళ డాక్టరు దగ్గర, ముందు గదిలో బల్ల వెనకాల కుర్చీలో. పంటి నొప్పితో వచ్చేవాడు లోకం మొత్తం మీద కోపంతో వస్తాడు. చెంప పట్టుకుని తలుపు తోస్తాడు, ఇంకెంతసేపు అంటాడు, నాకంటే వెనక వచ్చినవాడు లోపలికెలా వెళ్ళాడు అంటాడు, డాక్టరు లోపల నిద్రపోతున్నాడా అంటాడు. అన్నిటికీ ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "రండి. కూర్చోండి. పిలుస్తారు." పెంచదు, తగ్గించదు. ఓసారి బుగ్గ వాచి నేనూ వెళ్ళాను. ఇంట్లో రోజూ చూసే మనిషిని. నాకూ అదే చెప్పింది. నేనూ కూర్చున్నాను.

ఆ డాక్టరుకి చేతులు వణకడం మొదలైంది. పన్ను పీకే చెయ్యి వణికితే ఇంకేముంది, ఆసుపత్రి మూసెయ్యాలనుకున్నాడు. ఆ అంతస్తు కొన్నవాళ్ళు గోడలు పడగొట్టి ఏదో వ్యాయామశాల పెడతారట. తాళాలు శనివారం పొద్దు గుంకేలోగా అప్పగించాలి. డాక్టరు ఈ సంగతి చెప్పిన రోజు ఆవిడ భోజనం బల్ల దగ్గర మామూలుగానే ఉంది. చేతులు కడుక్కున్నాక నా దగ్గరికొచ్చి నిలబడింది.

"బావగారూ, ఆ గోడమీద ఫోటోలు చూశారు కదా."

చూశాను. డాక్టరుగారు రిబ్బను కత్తిరిస్తూ, డాక్టరుగారు కొత్త కుర్చీ పక్కన, డాక్టరుగారు ఎవరో పెద్దమనిషి నోరు తెరిపిస్తూ.

"అన్నిట్లోనూ నేనక్కడే ఉన్నానండీ. రిబ్బను ఆ చివర పట్టుకున్నది నేనే. ఒక ఫోటోలో నా మోచెయ్యి పడింది. అంతే. ఇప్పుడు ఆ గోడే ఉండదట."

ఆవిడ ఏదైనా కావాలని అడగడం నేను వినలేదు ఎప్పుడూ. ఇదీ అడిగినట్టు లేదు. కానీ మోచేతి సంగతి విన్నాక, ఆ తర్వాత జరిగినదంతా దానికోసమే జరిగిందని నాకు తెలుసు.

ఆ భవనంలోనే కింది అంతస్తులో బ్యూటీ పార్లరు ఒకటి, ఫోటో స్టూడియో ఒకటి ఉన్నాయి. పార్లరు నడిపే ఆవిణ్ణి పార్లరమ్మ అంటారు. స్టూడియో ఆయన్ని స్టూడియో అనే అంటారు, మనిషీ దుకాణమూ ఒకటే అన్నట్టు. మధ్యాహ్నం ఆసుపత్రి షట్టరు సగం దించి, పేషెంట్లు కూర్చునే బల్లమీద మా అండీతో కలిపి ముగ్గురూ డబ్బాలు విప్పుకునేవారు. ఏళ్ళ తరబడి అదే. పార్లరమ్మ నోరు కత్తి. ఎదుటివాళ్ళ కనుబొమలు చూస్తే చాలు, వాళ్ళ సంసారం ఎలా ఉందో చెప్పేస్తుంది, అదీ వాళ్ళ మొహంమీదే. స్టూడియోకి లోకంలో అందరూ కళ్ళు మూసుకుంటారని కంప్లయింటు.

ఊళ్ళో సినిమా సంఘంవాళ్ళు ఒక పోటీ పెట్టారు. అయిదు నిమిషాల దయ్యం సినిమా. ఎవరైనా తియ్యొచ్చు. ఆదివారం సాయంత్రం ఆరులోగా ఇవ్వాలి. ఎంచిన వాటిని వాళ్ళ హాల్లో తెరమీద వేస్తారు. కాగితం పార్లరు అద్దానికి అంటించమని తెచ్చారు. పార్లరమ్మ దాన్ని అంటించలేదు. పైకి తెచ్చి డబ్బాల మధ్య పరిచింది.

"పళ్ళాసుపత్రి కంటే దయ్యాలకొంప ఎక్కడుంది? ఎలాగూ పడగొట్టేస్తారు. ఈలోగా తీసేద్దాం. కథ నాది. కెమెరా నీది. దయ్యం..."

"నేనుంటానండీ," అంది మా అండీ.

ఇద్దరూ తినడం ఆపి చూశారట. ఆవిడే చెప్పింది, కొంచెం గర్వంగా.

మా తమ్ముడు ఆ రాత్రి కంచం ముందు కూర్చుని నవ్వాడు. "దయ్యం వేషమా? మేకప్పు ఖర్చు మిగిలింది వాళ్ళకి."

"ఊరుకోరా," అన్నాను.

"నేనేమన్నానన్నయ్యా? ఈ వయసులో మొహానికి సున్నం కొట్టుకుని గెంతుతానంటే మొగుడు చప్పట్లు కొట్టాలా? ఏమండీ అండీగారూ, నన్నడిగారా?"

"అడగలేదండీ," అంది ఆవిడ. కూర వడ్డించి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

నాకూ ఒక వేషం దొరికింది. ఎదురుచూసే గదిలో మూల కుర్చీలో పుస్తకం చదువుతూ కూర్చునే ముసలాయన. ఎప్పుడో చచ్చిపోయాడు, తనకి తెలీదు, వంతు కోసం ఇంకా చూస్తున్నాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దడంలో నా ఉద్యోగం గడిచిపోయింది. కూర్చుని చదవడం నాకొకరు నేర్పక్కర్లేదు. అలా సినిమా తీసిన రెండు రోజులూ అక్కడే ఉన్నాను.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం. కిటికీలకి పార్లరులోని నల్ల గుడ్డలు కట్టారు, జుట్టు కత్తిరించేటప్పుడు మెడకి చుట్టేవి. ఫ్యాను చప్పుడు రికార్డవుతుందని ఆపేశారు. గదంతా ఉడికిపోతోంది, జుట్టురంగు వాసన. అలమరలోంచి సుద్దతో చేసిన పళ్ళ అచ్చులు తీసి బల్లమీద వరసగా పెట్టారు. పేషెంటు వేషం పార్లరమ్మ కోడలిది. బుగ్గ వాచినట్టుండటానికి నోట్లో దూది కుక్కారు.

"వినండందరూ," అంది పార్లరమ్మ. "పేషెంటు తలుపు తీస్తుంది. బల్ల వెనక దయ్యం తలెత్తుతుంది. ఒక్కటే మాట. రా. అయిపోయింది. అందులో బ్రహ్మవిద్య ఏం లేదు, చంటిపిల్లలు కూడా అంటారు. పెద్దాయనా, మీరు శవం. కదలొద్దు."

స్టూడియో కెమెరా వెనక వంగాడు. కోడలు తలుపు తీసింది. మా అండీ తలెత్తింది. తెల్లటి పౌడరు, కళ్ళకింద నలిపిన కాటుక, డాక్టరుగారి పాత తెల్లకోటు. తెలిసిన మనిషే అయినా నాకు ఒళ్ళు జలదరించింది. సూటిగా చూసింది. పెదాలు విడిపడ్డాయి.

"రా," అంది. ఒక్క క్షణం ఆగింది. "...ండి."

స్టూడియో నవ్వాడు. స్టాండుతో సహా కెమెరా ఊగింది.

"ఏమిటా ఇకిలింపు? మళ్ళీ," అంది పార్లరమ్మ.

మళ్ళీ తలుపు. మళ్ళీ తల. ఈసారి ఆపడం కూడా లేదు. "రండి."

"దయ్యం అండీ అంటుందటే? దయ్యానికి అందరూ నువ్వే. చచ్చాక కూడా ఏం మర్యాద? రా అను."

"రా అనే అందామనుకున్నానండీ."

"మళ్ళీ అండీ!"

అలా ఎన్నిసార్లో. ఒకసారి నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసేసింది. ఒకసారి రా బాగానే వచ్చింది కానీ వెంటనే "కూర్చోండి" అనేసింది. ఒకసారి అంతా కుదిరేలా ఉంటే నేను పాడుచేశాను.

"పెద్దాయనా! పేజీ తిప్పారా?"

"తిప్పానమ్మా. కథ మంచి పట్టుగా ఉంది."

"మీరు చచ్చిపోయారు! చచ్చినవాళ్ళు పేజీలు తిప్పరు!"

"అత్తయ్యా, దూది తడిసిపోయింది," అంది కోడలు. నోట్లో దూదితో అది ఇంకేదో భాషలా వినబడింది. "ఉమ్మెయ్యనా?"

"మింగెయ్. నన్నడుగుతావేం?"

వేడికి అందరి మొహాలూ కందిపోయాయి. స్టూడియో నుదురు తుడుచుకుని, "మాట తర్వాత కలుపుదాం. ఈవిడ ఊరికే పెదాలు కదిపితే చాలు. మీ కోడలి గొంతు పెడదాం," అన్నాడు.

"వద్దండీ," అంది మా అండీ. ఆ వద్దు ఎంత గట్టిగా వచ్చిందంటే అందరూ అటు తిరిగారు. "నా మొహానికి వాళ్ళ గొంతు వద్దండీ. నేను అంటాను."

"అబ్బో, పొగరు కూడా ఉందే లోపల," అంది పార్లరమ్మ. చేతిలో ఉన్న గుడ్డ విసిరేసింది. "నీ సంగతి నాకు ఇప్పుడు కాదు తెలిసింది. ఇన్నేళ్ళు ఒక బల్లమీద తిన్నాం. నా కూర నీ డబ్బాలోకి, నీ కూర నా డబ్బాలోకి. నీకంటే చిన్నదాన్నే. నోరారా ఒక్కసారి నువ్వు అన్నావా నన్ను? అనమని ఎన్నిసార్లు అడిగాను? మా ఆయన పోయినప్పుడు వచ్చి నా పక్కన కూర్చుని ఏమన్నావు? కొంచెం మంచినీళ్ళు తాగండి అన్నావు. తాగండి! నాకు ఒళ్ళు మండిపోయింది. మేం నీకు మనుషులం కాదే. పేషెంట్లం. అందర్నీ తీసుకెళ్ళి ఆ కుర్చీల్లో పడేస్తావు. రండి, కూర్చోండి, పిలుస్తారు. ఎవరే పిలిచేది? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పిలిచావా లోపలికి?"

మా అండీ తెల్లటి మొహంతో అలాగే చూస్తూ ఉంది. పౌడరు మీదుగా చెమట గీతలు దిగుతున్నాయి.

"రేపు నా కోడలు చేస్తుంది దయ్యం. నువ్వు లైటు పట్టుకో. లైటుని ఏమండీ అన్నా ఎవరికీ నష్టం లేదు."

కోడలు దూది ఉమ్మేసి, ఎందుకో నా వంక చూసింది. నేను పుస్తకంలోకి చూశాను.

సాయంత్రం ఇంట్లో ఆవిడ గిన్నెలు సర్దుతూ గొణుక్కుంటోంది. రా. రా. రా. కుళాయిని అంది, కుండీని అంది. మా తమ్ముడు విని వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"నన్ను అను చూద్దాం."

ఆవిడ తల ఎత్తింది. "రా..."

"ఏయ్! మొగుణ్ణి పట్టుకుని ఏమిటా కూత?"

"మీరే కదండీ అనమన్నారు."

"అనమంటే అనెయ్యడమేనా? అన్నయ్యా, విన్నావా?" పగలబడి నవ్వుతూ వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. వాడిది చెడ్డ మనసు కాదు. చెడ్డ నవ్వు, అంతే.

ఆవిడ తడి చెయ్యి పైటకి తుడుచుకుని బాల్కనీలోకి వచ్చింది. ఇంకా వెలుతురు ఉంది. నేను చదవడం ఆపలేదు. ఆపితే ఆవిడ మాట్లాడదు.

"నేను పిన్నిగారింట్లో పెరిగాను కదా బావగారూ. వాళ్ళ చిన్నబ్బాయిగారు అప్పుడు పాకేవారు. పాకుతూ మెట్ల దగ్గరికి పోతుంటే, ఇటు రా అన్నాను. పిన్నిగారు విన్నారు. కొట్టలేదండీ. తిట్టలేదు కూడా. మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. నన్ను పిలవలేదు. పిలుస్తారేమోనని అరుగుమీద కూర్చున్నాను. పిలవలేదు."

నేను పేజీ తిప్పాను. ఆ పేజీలో ఏముందో ఇప్పటికీ తెలీదు.

"రేపు వెళ్ళకు," అన్నాను.

"వెళ్తానండీ. లైటు పట్టుకున్నా ఆ గదిలోనే కదా ఉండేది."

"మళ్ళీ మోచెయ్యేనా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం మేం వెళ్ళేసరికి గది సగం ఖాళీ. డాక్టరుగారి మనుషులు పొద్దున్నే ఫోటోలు విప్పుకుపోయారు. గోడమీద వాటి చోట తెల్లటి నలుచదరాలు మిగిలాయి. సాయంత్రం తాళాలు ఇచ్చెయ్యాలి. స్టూడియో బ్యాటరీల మీద విసుక్కుంటున్నాడు, పార్లరమ్మ అతని మీద.

మా అండీ ఇంట్లోనే మొహానికి పౌడరు రాసుకుని, కళ్ళకింద కాటుక నలుపుకుని వచ్చింది. తనే రాసుకుంది కాబట్టి నిన్నటంత సొగసుగా లేదు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. దారిలో ఎదురైనవాళ్ళు ఆగి చూశారు. ఆవిడ ఒకరిద్దరికి నమస్కారం కూడా పెట్టింది.

పార్లరమ్మ తేరిపార చూసింది. "ఎవరు రాసుకోమన్నారు?"

"ఒకవేళ..."

"ఒకవేళా లేదు, గికవేళా లేదు. లైటు పట్టుకో."

పట్టుకుంది. మెడ వంచితే వంగే పెద్ద చేతిలైటు. స్టూడియో కెమెరాని బల్లకి ఎదురుగా నిలబెట్టాడు. దాని పక్కనే పార్లరమ్మ. కోడలు ఇంకా తెల్లకోటు తొడుక్కోలేదు. నిన్నటి పేషెంటు బట్టల్లోనే వెళ్ళి, వెలుతురు సరిచూసుకోవడానికని, బల్ల వెనక మా అండీ రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంది.

ఆ కుర్చీ మీద చిన్న దిండు ఉంటుంది, ఆవిడ కుట్టుకున్నది. కోడలు దాన్ని తీసి కింద పడేసింది. బల్లమీది గంట పక్కకి నెట్టింది. సొరుగు లాగింది. అందులో అంకెలు వేసిన ప్లాస్టిక్ బిళ్ళలు, వంతుకి ఇచ్చేవి. చేత్తో కెలికింది.

"ఏమిటత్తయ్యా ఈ చెత్తంతా? పారేద్దామా?"

"పారెయ్. రేపటికి ఎలాగూ చెత్తే," అంది పార్లరమ్మ.

"అవి... అవి వరసలో పెట్టి ఉన్నాయండీ," అంది మా అండీ.

"వరసేమిటి ఇంకా? ఎవరొస్తారని? ఆ కుర్చీలో నువ్వు కూర్చున్నా ఒకటే, ఇది కూర్చున్నా ఒకటే, కోతి కూర్చున్నా ఒకటే. వెలుతురు ఇటు కొట్టు."

కోడలు బిళ్ళలు గుప్పిటతో తీసింది. నాలుగు జారి నేలమీద దొర్లాయి. ఒకటి నా చెప్పు దగ్గరికి వచ్చి ఆగింది. నేను శవాన్ని, వంగలేదు.

"లే," అంది మా అండీ.

ఎవరన్నారో మొదట ఎవరికీ తెలియలేదు. ఆ గొంతు నేనెన్నడూ విన్నది కాదు. ఆవిడ బల్లవైపు నడిచింది. లైటు చేతిలోనే ఉంది. నడకలో దాని మెడ వంగిపోయి కిందినుంచి ఆవిడ మొహమ్మీదే పడుతోంది. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉన్న ఆ పౌడరు, ఆ కాటుక.

"లే అక్కణ్ణుంచి. అది నా కుర్చీ."

కోడలు లేవలేకపోయింది. బిళ్ళలు పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. నోరు తెరుచుకుంది. ఆ పిల్ల నటించడం లేదు.

"వినబళ్ళేదా? లే!" అని, మా అండీ ఇటు తిరిగింది. పార్లరమ్మ వైపు. "నువ్వు కూడా. నా గదిలోకొచ్చి నన్ను లైటు పట్టుకోమంటావా? పో. పోవే ఇక్కణ్ణుంచి! పో!"

లైటు చిన్నగా జుయ్యిమంటోంది. పార్లరమ్మ మొహం అద్దంలో తన మొహం గుర్తుపట్టనిదానిలా ఉంది.

"ఏమన్నావు?"

"పో అన్నాను."

"నన్నే?"

మా అండీ లైటు బల్లమీద పెట్టి, వంగి, నేలమీది బిళ్ళలు ఏరడం మొదలుపెట్టింది. అప్పుడు స్టూడియో గొంతు సవరించుకున్నాడు.

"ఇది... ఆన్‌లోనే ఉంది," అన్నాడు. "వెలుతురు చూద్దామని ఆన్ చేశాను. అంతా వచ్చింది."

కెమెరా మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. పార్లరమ్మ దాన్ని చూసింది. ఆవిడ నోరు ఎంత కత్తైనా, కన్ను అంతకంటే కత్తి. ఆ మాట నేను ఒప్పుకుంటాను. నిన్న తీసినదానిలో పేషెంటు తలుపు తీసి లోపలికి వస్తుంది. దాని వెనక ఇవాళ్టిది అతికిస్తే, బల్ల దగ్గర ఎవరూ లేరు. ఎవరూ లేరని కుర్చీలో కూర్చుంటుంది. అది చచ్చిపోయిన మనిషి కుర్చీ. దయ్యం రమ్మనదు. పొమ్మంటుంది. కథ తిరిగిపోయింది. అది ఆవిడకి అర్థమైన క్షణం మొహంలో కనబడింది. సంతోషం కనబడలేదు.

"ఇంకోసారి తీద్దాం, దగ్గర్నుంచి," అంది స్టూడియోతో.

ఇంకోసారి తీశారు. మా అండీ లైటు పట్టుకుని నడిచి వచ్చి, బల్ల దగ్గర ఆగి, కెమెరాలోకి చూసి, "వెళ్ళండి," అంది.

"చాలు," అంది పార్లరమ్మ. "మొదటిదే ఉంచు."

ఆ తర్వాత మిగతా ముక్కలన్నీ సాయంత్రంలోగా తీశారు. పళ్ళ అచ్చులు, తలుపు గడియ, నా కుర్చీ. ఆ సేపంతా పార్లరమ్మ మా అండీతో మాట్లాడింది, కానీ అంత చేదు మాటలు నేను ఇంకెప్పుడూ వినలేదు. "మీరు కాస్త ఎడమకి జరుగుతారా?" అంది. "లైటు కొంచెం పైకెత్తండి." "అయిపోయిందండీ, మీరిక వెళ్ళొచ్చు." ప్రతి అండీకీ మా అండీ రెప్ప ఒకసారి పడింది. ఆ మాటతో ఎలా కొడతారో ఆవిడకి అప్పటిదాకా తెలిసినట్టు లేదు.

తాళాలు ఇచ్చేశారు. ఆదివారమంతా స్టూడియోలో కూర్చుని పార్లరమ్మా ఆయనా ముక్కలు అతికించారట, ఒకర్నొకరు తిట్టుకుంటూ. పో అన్న ముక్క తీసేద్దామా అని ఆయన అడిగాడట. తనని తిట్టిన తిట్టు ఊరందరి ముందూ పడుతుంది కదా అని. "నన్ను తిట్టిందని నీకెవరు చెప్పారు? తెరమీద నేనెక్కడున్నాను?" అందట. సంఘంవాళ్ళు బల్ల సర్దేస్తుండగా వెళ్ళి ఇచ్చి వచ్చారు.

ఎంచినవాటిలో అది ఉంది. హాల్లో వేసిన రోజు నేనూ, మా తమ్ముడూ, ఆవిడా వెళ్ళాం. పార్లరమ్మ మా ముందు రెండు వరసల అవతల కూర్చుంది, వెనక్కి తిరగలేదు. పళ్ళ అచ్చులు కనబడగానే జనం నవ్వారు. నేను పేజీ తిప్పింది కత్తిరించడం మరిచిపోయారు, దానికీ నవ్వారు. "శవానికి చదువు పిచ్చిరా!" అని ఎవడో అరిచాడు. తర్వాత ఆ మొహం వచ్చింది. గోడంత మొహం. లే అంది. నవ్వు ఆగింది. ఆవిడ ఇటు తిరిగి, కెమెరాలోకి, అంటే హాల్లో కూర్చున్న ప్రతివాడి కళ్ళలోకి చూసి, పోవే అన్నప్పుడు, నా పక్కన మా తమ్ముడు వెనక్కి జరగడం నాకు తెలిసింది. కుర్చీ కిర్రుమంది.

నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ ఆ మొహాన్ని చూడటం లేదు. దాని వెనక ఉన్న బల్లని, గంటని, గోడమీది తెల్ల నలుచదరాలని చూస్తోంది. వాటి ముందు తను.

"నేనేనా బావగారూ?" అంది మెల్లగా.

"నువ్వే."

"మోచెయ్యి కాదు."

"కాదు."

"కానీ అలా ఉన్నానేమిటండీ..." అంది.

బహుమతి రాలేదు. ఎవరో స్మశానంలో తీసినదానికి ఇచ్చారు. ఆ రోజు నుంచీ మా తమ్ముడు ఆవిణ్ణి అండీ అని పిలవడం మానేశాడు. పేరు పెట్టి పిలుస్తున్నాడు, అదీ ఆచితూచి. ఒకసారి నిద్రమత్తులో "కాస్త కాఫీ ఇస్తారా" అన్నాడు. నేను విన్నాను, వాడికి చెప్పలేదు.

పైఅంతస్తులో సుత్తుల చప్పుడు మొదలైంది. ఆ వీధిలోంచి నడవాల్సి వస్తే మా అండీ అవతలి పక్కనుంచి నడిచేది. పార్లరమ్మ గుమ్మంలో ఉంటే లోపలికి వెళ్ళిపోయేది. ఒక రోజు సామాన్లు తీసుకుని ఇద్దరం ఆ దారిన వస్తున్నాం. పార్లరమ్మ గుమ్మంలోనే ఉంది, ఈసారి లోపలికి పోలేదు. మెట్టు మీద నిలబడి, వీధి దాటేలా పిలిచింది.

"ఏమండీ! మిమ్మల్నే. మీ సామాను ఏదో మా దగ్గర ఉండిపోయింది. దిండూ, బిళ్ళలూ. లోపలికి వచ్చి పట్టుకెళ్తారా?"

మా అండీ ఆగింది. సంచీ నా చేతికిచ్చింది. ఆవిడ చెవులు ఎర్రబడటం చూశాను.

"నేను రాను," అంది, వీధికి ఇవతలినుంచే. "నువ్వే రా."

పార్లరులో తలకి రంగు వేయించుకుంటున్న ఒకావిడ మెడ సాచి చూసింది. పార్లరమ్మ నడుంమీద చేతులు పెట్టుకుంది.

"ఏమన్నావు?"

"రా అన్నాను. వినబళ్ళేదా? రా."

"ఇప్పుడొచ్చిందటే నీ నోటికా మాట? సినిమా అంతా అయిపోయి, బహుమతి ఎవడో ఎత్తుకుపోయాక? ఆ రోజు ఏమైంది, నీ నాలుక్కి చీడ పట్టిందా?"

"వస్తావా రావా? బావగారికి ఎండ తగులుతోంది."

"ఆజ్ఞలొకటి మళ్ళీ! కాళ్ళు లేవా నీకు?" అంటూనే లోపలికి వెళ్ళింది. తలకి రంగేయించుకుంటున్న ఆవిడమీద ఏదో అరిచింది. దిండు చంకలో ఇరికించుకుని, బిళ్ళల డబ్బా గలగలలాడిస్తూ బయటికి వచ్చింది. మొహం మాడ్చుకుని, అటూ ఇటూ చూడకుండా, బండ్లవాళ్ళ చేత తిట్లు తింటూ, వీధి దాటడం మొదలుపెట్టింది.